భూమి ముడుతలు, లోహపు సిరలు



మన మెట్టచేల నడుమ తెల్లని పలుగురాయి గట్టు పోవుచుండుట పెద్దలలో పలువురు చూచియే యుందురు. దుక్కికి అడ్డము, నాగటికి కీడు. ఆ గట్టు ఒక చేనిలో మూరెడు వెడల్పున బయలుపడును. పొరుగు చేనిలో బెత్తెడై సన్నగిలును. వాగు గట్టుకడ మాయమగును. ఆవలి యొడ్డున పది బారలు ప్రక్కకు జరిగి మరల కానవచ్చును. ఇది యిట్లేల వంకరలు పోయినది? ఏల తెగినది? తెగిన తునక ప్రక్కకేల జరిగినది? అని పిల్లవాడెవడైన నడిగినచో, "అది పుట్టుక, దానికేమి చెప్పుదుము" అని ఊరకుందుము. కాని ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము తెలియక సీమలోని షాహుకార్లు దివాలా ఎత్తిరి. ఉత్తరము తెలిసికొన్నవారు, ఇతరులు అడుగంటినదని విడిచిన గనులలో బంగారము తీసిరి. నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

లోహధాతువు భూమిలో కందగడ్డవలె ముద్దగా పాతిపెట్టినట్లుండునని చాలమంది తలంతురు. అట్లుండుట అరుదు. ఒకచోట అది పలుచని రేకు, ఒకచోట వాలుగా దిగిన గొట్టము, ఇంకొకచోట గుఱ్ఱపుజీను ఆకారము గలది. ఈ ఆకారములు చాలవఱకు భూమి పైపొర, అనగా భూపటలము, నలిగి వంగి విఱిగిన తీరునుబట్టి యేర్పడినవే. భూమి ఎటు నలిగినదో తెలిసికొన్నవానికి ధాతువు ఎటు పోయినదో తెలియును.

రాయి వంగునా యని మీరడుగవచ్చును. లక్కను చూడుడు. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టినచో పెంకులై పగులును. కొంచెము కాచి మెల్లగా నొక్కినచో చెప్పినట్లు వంగును. రాతి స్వభావమును అట్టిదే. భూమిలో ఆఱేడు క్రోసుల లోతున రాయి నాలుగువందల డిగ్రీల వేడిలో, పైనున్న కొండల బరువు క్రింద ఉండును. అచ్చట లక్షలకొలది సంవత్సరములు ప్రక్కలనుండి ఒత్తిడి తగిలిన రాతిపొరలు గుడ్డవలె ముడుతలు పడును. పైభాగమున చల్లగానున్న రాయి మాత్రము వంగలేక పగులును. ఒకే కొండలో ముడుతయు పగులును చేరి యుండుటకు కారణ మిదియే.

ఇప్పుడు మీ చేతనున్న యీ పుస్తకముతోనే యొక పరీక్ష చేయవచ్చును. ఇది పలుచనిది గావున, ఇంటిలోని లావుపాటి పంచాంగమైనను మంచిదే. రెండంచులను రెండు చేతుల పట్టుకొని లోపలికి నొక్కి కమానువలె పైకి వంచుడు. పుటలు ఒకదానిపై నొకటి జాఱును. అంచు చూచినచో మునుపటివలె తిన్నగానుండక ఏటవాలగును. వంపు నడినెత్తిన పుటకును పుటకును నడుమ చిన్న సందు విడుచును. పుటలు ఎంత బిఱుసైనవైన ఆ సందు అంత స్పష్టముగా నుండును. ఆ సందులో సున్నపునీరు పోసి గట్టిపడనిచ్చితిమనుకొనుడు. పుటలు తీసివేసినచో మిగులునది యేమి? నెత్తిన మందముగా, ఇరుప్రక్కల దిగినకొలది పలుచనైన జీను. ఒక సందు క్రింద ఇంకొక సందు, దానిక్రింద మఱియొకటి. ఇట్లు జీనుపై జీను పేర్చినట్లుండును.

ఆస్ట్రేలియా ఖండమున విక్టోరియా రాష్ట్రములో బెండిగో అను పట్టణము గలదు. అచ్చటి బంగారు గనులు సరిగా ఇట్లేర్పడినవే. ప్రాచీనసముద్రమున నిసుక, బురద పొరలు పొరలుగా పేరుకొని రాళ్లయ్యెను; ఆపైన తూర్పు పడమరలనుండి నలిగి వరుసలు వరుసలుగా ముడుతలు పడెను. బురద పలకరాయి యైనది. ఇసుక బిఱుసైన ఇసుకరాయి యైనది. ఆ రెండింటి నడుమ నెత్తిన విడిన సందులలో, లోతునుండి వచ్చిన వేడినీరు పలుగురాతిని, దానితో బంగారమును విడిచిపెట్టెను. గనిపనివారు వానిని జీను రీఫులనియే పిలిచిరి.

1851వ సంవత్సరమున అచ్చట బంగారము దొరకెను. మొదట వాగుల యిసుకలో, పిమ్మట పైరాతిలో. మొదటి జీనును త్రవ్వి తీసినపిమ్మట అడుగున బంగారపు జాడలేని రాయి తగిలెను. అప్పటి పండితులలో గొప్పవాడైన సర్ రోడెరిక్ మర్చిసన్, లోతునకు పోయినకొలది బంగారము తఱిగి పోవునని సిద్ధాంతము చేసియుండెను. మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మెకోయ్ ఆ మాటనే బలపఱచెను. పలువురు నమ్మిరి, గనులమ్ముకొని పోయిరి. అచ్చట సబ్బులు, కొవ్వువత్తులు చేసి యమ్ముకొను జార్జి లాన్సెల్ అను వర్తకుడు మాత్రము వేఱువిధముగా తలచెను. పైన ఒక జీను ఉన్నప్పుడు క్రింద ఇంకొకటి యేల ఉండరాదని ఇతరులు విడిచిన గనులను కొని దిగెను. రెండవది దొరకెను, దాని క్రింద మూడవది దొరకెను. 20వ శతాబ్ది తొలినాళ్లకు అచ్చటి విక్టోరియా గనిబావి 4,600 అడుగుల లోతునకు పోయెను. ఆ సీమ మొత్తముమీద తీసిన బంగారము సుమారు 2 కోట్ల 20 లక్షల ఔన్సులు. పండితుల పక్షమున ఒక్కమాట చెప్పవలెను. ప్రతి జీనులోను బంగారము లేదు. వట్టి పలుగురాయితో నిండినవి యనేకము. జీను ఎచ్చట నుండునో ముడుత చెప్పును గాని, అందులో పసిడి పడినదో లేదో చెప్పలేదు. అది త్రవ్వియే చూడవలెను.

బెండిగోలో ముడుత నెత్తి దాదాపు సమముగా పోవును. అన్నిచోట్ల నట్లుండదు. ఇంటి వెన్నుదూలము ఒక కొన ఎత్తుగా, ఒక కొన పల్లముగా నున్నట్లు, ముడుత నెత్తి సహితము ఒకదిక్కునకు ఒరిగి భూమిలోనికి దిగును. అట్టిచోట ధాతువు గొట్టమువలె ఏటవాలుగా పోవును. పైన దొరకినచోటనే నిట్టనిలువుగా బావి త్రవ్వినవాడు, వందయడుగులు దిగుసరికి గొట్టమునుండి వెలుపల పడును. బంగారము అయిపోయినదని పారయును గంపయును ఎత్తుకొనిపోవును. బంగారము అయిపోలేదు, ప్రక్కవాని భూమిక్రిందికి నడిచిపోయినది. ఇట్టి తగవులు ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు, గట్టు తగాదాలు మీకు క్రొత్తవి కావు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1872 నాటి శాసనము, ఎవని భూమిలో సిర తల బయలుపడినదో అతడు దానిని పొరుగువాని హద్దుదాటి లోతునకు వెంబడింపవచ్చునని యిచ్చినది. తల యెచ్చటనున్నదను వాదముమీద మోంటానాలోని బ్యూటు రాగి గనులవారు ఏండ్లతరబడి న్యాయస్థానములలో పోరాడిరి. భూగర్భశాస్త్రజ్ఞులు ఇరుపక్షములకు సాక్షులై పోయిరి. మన దేశమున గనికౌలు హద్దు పైనుండి తిన్నగా క్రిందికి దిగును. శాసనకర్తలు ఆ యొక్క విషయమున మనకు మేలే చేసిరి.

ఇక మనకు దగ్గఱి కథకు వత్తును. కోలారు బంగారు గనులు కర్ణాటక రాష్ట్రములోనివి. కాని ఆ గనులున్న నల్లరాతి పట్టె, ఉత్తరదక్షిణములుగా సుమారు 80 కిలోమీటర్లు సాగి, దక్షిణమున మన చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమును తాకును. చిగురుగుంట, బిసానత్తము గనులు ఆ పట్టెలోనివే. కోలారులో పాటుపడిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును అనేకులు.

ఆ పట్టె యిట్లు పుట్టినది. దాదాపు 270 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రగర్భమున ఉబికిన కఱగుడురాయి చల్లారి నల్లని శిలయైనది. పిమ్మట తూర్పునను పడమటను ఉన్న రెండు గ్రానైటు భూఖండములు దగ్గఱకు వచ్చి, నడుమ నున్న యీ నల్లరాతిని పోకచెక్కను అడకత్తెర పట్టినట్లు పట్టినవని పలువురు శాస్త్రజ్ఞుల యభిప్రాయము. రాయి నిలువుగా ముడుతలు పడినది. ముడుతల వెంబడి ఒరపిడితో చీలినది. ఆ చీలికలలో దిగిన పలుగురాయియే కోలారు బంగారపు సిర. వానిలో ప్రసిద్ధికెక్కినది చాంపియన్ సిర. మైళ్ల పొడవు గలది. వెడల్పు మాత్రము చాలచోట్ల రెండు మూడడుగులు. పైన పడమటికి వాలుగా నుండి, లోతునకు పోయినకొలది నిట్టనిలువగును. నేలలో నిలువుగా గ్రుచ్చిన తాటాకువంటి దనుకొనుడు.

ఆ తాటాకునందంతటను బంగారము సమముగా లేదు. కొంతమేర మిక్కిలి పుష్కలము, ఆపై కొంతమేర వట్టి రాయి, మరల పుష్కలము. ఇందులకు కారణము తెలియగోరినచో ఒక పగిలిన కుండ చాలును. పగులు వంకరగా పోయిన రెండు పెంకులను సరిగా కూర్చి, తరువాత ఒకదానిని వ్రేలెడు దూరము పగులు వెంబడి జరపుడు. వంకరలు కొన్నిచోట్ల ఒండొంటిని త్రోసికొని బిగిసికొనును. కొన్నిచోట్ల విడిపోయి ఖాళీ లేర్పడును. భూమిలోని చీలిక తిన్నని గీత కాదు. భూకంపము వచ్చి రెండు ప్రక్కలు జాఱినప్పుడెల్ల బిగిసినచోట రాయి నలిగి పొడియగును. విడిచినచోట ఖాళీ పడును. లోతున మూతపెట్టిన కుండలోని ఆవిరివలె అణగియున్న వేడినీరు ఆ ఖాళీలోనికి ఒక్క దుముకున ప్రవేశించును. అచ్చట ఒత్తిడి తటాలున తగ్గును గావున, నీటిలో కఱగియున్న పలుగురాయి, బంగారము నిలువలేక గోడలకు పేరుకొనును. ఖాళీ మూసికొనిపోవును. మరల వేడినీరు అణగును, మరల భూకంపము. ఒక సిరలోని పలుగురాతిని కోసి చూచినచో సన్నని చారలు పొరలు పొరలుగా కానవచ్చుట కలదు. ఒక్కొక్క చార ఒక్కొక్క కదలికకు గుఱుతు. ఒకసారి పేరుకొన్నది గోరంతయు నుండదు. వేలసార్లు పేరుకొన్నది సిరయైనది.

ఈ రహస్యము మన పూర్వులకు కొంత తెలిసియుండెననియే నా నమ్మకము. శాస్త్రముగా గాక, చేతిపనిగా. 1802లో మైసూరు సరిహద్దులు కొలుచుటకు వచ్చిన జాన్ వారెన్ అను సైనికోద్యోగి యెదుట, ఆ ప్రాంతపు గ్రామస్థులు బండ్లపై మన్ను తెచ్చి కడిగి బంగారపు పొడిని చూపిరి. వారి తాతముత్తాతల పాతగుంటలు ఆ నేలయంతట నుండెను. రాయచూరు జిల్లా హట్టిలో ప్రాచీనులు రాతిని నిప్పుతో కాల్చి పగులగొట్టుచు ఆఱువందల యడుగుల లోతువఱకు పోయిరి. నీరు తోడు యంత్రము లేని కాలమున అది సామాన్యము కాదు.

1880 ప్రాంతమున జాన్ టేలర్ అండ్ సన్స్ యాజమాన్యమున ఆంగ్లేయ కంపెనీలు కోలారులో దిగెను. తెల్లని పలుగురాయి కానవచ్చిన చోట్లనెల్ల బావులు త్రవ్విరి. నాలుగైదేండ్లలో మూలధనము హరించుకొనిపోయెను. వాటాల వెల పడిపోయెను. గనులు మూసివేయుదమను మాట లండనులో బయలుదేఱెను. మైసూరు కంపెనీకి మిగిలిన కొలదిపాటి ధనముతో కెప్టెన్ ప్లమ్మర్ అను గనియధికారి కడసారి ప్రయత్నము చేసెను. అతడు క్రొత్తచోటు వెదకలేదు. పాతగుంటల వెంబడి వారు ఆపినచోటికి దిగి, అచ్చటినుండి ముందునకు త్రవ్వెను. చాంపియన్ సిర అచ్చట దొరకెను. పూర్వులు సిర బిగిసిన తావుననో నీరు ముంచిన తావుననో ఆగియుందురు. దానికావల సిర మరల విచ్చికొని యుండెను. ఆ దినమున ప్లమ్మర్ గుంట యెక్కి వెనుకకు వచ్చియుండినచో, పిమ్మట 120 సంవత్సరములలో కోలారు ఇచ్చిన సుమారు 800 టన్నుల బంగారము నేటికిని భూమిలోనే యుండెడిదేమో.

సిర సన్నగిలుట యొకటి, తెగుట యొకటి. సన్నగిలినచో ముందునకే పోవలెను. తెగినచో ముందునకు పోయిన ప్రయోజనము లేదు; ప్రక్కకో పైకో క్రిందికో వెదకవలెను. సొరంగములో మీరు పోవుచుండగా సిర కత్తితో కోసినట్లు ఆగి, ఎదుట పరాయి రాతిగోడ నిలిచినదనుకొందము. దీనిని భ్రంశమందురు. మొదట ఆ చీలిక ఎటు వాలినదో చూడవలెను. మీ యెదుటినుండి ముందువైపునకు క్రిందికి వాలియున్నచో, ఆవలి రాతిభాగము ఆ వాలుమీద ఆనుకొని కూర్చున్నదన్నమాట. భూమి ఇరువైపులకు సాగినందున కలిగిన చీలికయైనచో, ఆనుకొన్న భాగము క్రిందికి జాఱియుండును. తప్పిన సిరను క్రింద వెదకవలెను. చీలిక మీ కాళ్లక్రిందికి వాలియున్నచో, ఆనుకొన్నది మీరున్న భాగమే, జాఱినది మీరే, సిర పైననున్నది.

ఈ సూత్రము పూర్వపు గనిపనివారికి కంఠస్థము. దీనిని నమ్మి బాగుపడినవారు గలరు, చెడినవారును గలరు. ఏలయన, భూమి సాగక నలిగినచోట కథ తలక్రిందులగును. అచ్చట ఆనుకొన్న భాగము వాలువెంబడి పైకి ఎక్కును. సాగినదా, నలిగినదా యన్నది ఆ సొరంగములోని గోడ నొక్కదానిని చూచి నిశ్చయించుట కష్టము. కొండ యంతయు తిరిగి, పొరల వాలు కొలిచి, పటము వ్రాయవలెను. అయినను గోడకడ ఒక చిన్న సాక్ష్యము దొరకుటయు కలదు. రెండు భాగములు రాచుకొని జాఱునప్పుడు తెగిన అంచున పొరలు ఈడ్వబడి వంగును. అవి క్రిందికి వంగినచో విడిపోయిన తునక క్రిందికి పోయినది, పైకి వంగినచో పైకి పోయినది. తఱచుగా ఇది తప్పదు. మీ చేలోని పలుగుగట్టు వాగుకడ తెగి పది బారలు జరిగియుండుటయు చాలసార్లు ఇట్టి భ్రంశమువలననే. వాగు అచ్చటనే పాఱుటకును కారణముండవచ్చును. నలిగిన రాయి మెత్తనిది గావున నీరు తనదారి నందుండి కోసికొనును.

ఇంతవఱకు చెప్పినది భూమి కదలునప్పుడు పుట్టిన సిరలను గుఱించి. ముందే పుట్టి, పిదప నలిగిన ధాతువులు వేఱు. విజయనగరము జిల్లా గర్భాము మాంగనీసు ధాతువు పూర్వము పొరగా నుండినదే. తూర్పుకనుమల రాళ్లతోపాటు ముడుతలు పడినది. పల్నాటిలో బండ్లమోటుకడ సీసపు ధాతువు నల్లమల వరుసలతో కలిసి వంగిన సున్నపురాతి జాతి పొరలయందున్నది. ఇట్టి పొరలు నలిగినప్పుడు మెత్తని ధాతువు ముడుత ప్రక్కలనుండి పిండబడి నెత్తిన చేరును. చపాతిపిండిని అఱచేతుల నడుమ నొక్కినచో వ్రేళ్లసందులకు పోవుట లేదా, అట్లే. ప్రక్కలు మిక్కిలి సాగినచో పొర తెగి పూసలుపూసలుగా విడిపోవును. ఒక పూసకును ఇంకొక పూసకును నడుమ వట్టి రాయి. ఒక పూస త్రవ్వి ముగించినవాడు తరువాతిదాని దిక్కు తెలియక తికమకపడును.

కోలారు కథలో చెప్పవలసిన భాగ మింకొకటి మిగిలియున్నది. నలిగిన రాయి తనలోని ఒత్తిడిని మఱచిపోదు. నిలువుగా దిగిన రేకువంటి సిరను తీసివేసినపిమ్మట, రెండు ప్రక్కల గోడలు ఒండొంటివైపు ఒత్తుకొనును. మధ్య విడిచిన రాతిస్తంభములపై భారము పేరుకొని, ఒకనాడు ఫిరంగి ప్రేలినట్లు రాయి పగిలి సొరంగములోనికి దుముకును. 19వ శతాబ్ది కడపటనే యిట్టివి కోలారులో మొదలయ్యెను. గాలి ప్రేలుడని మొదట పేరుపెట్టిరి. భ్రంశములు సిరను ఖండించుచోట్ల, అడ్డముగా ఇతర శిలలు చొచ్చిన చోట్ల ఇవి మిక్కుటము. 1962లో చాంపియన్ రీఫు గనిలోని గ్లెన్ భాగమున కలిగినది మిక్కిలి పెద్దది. ఎందఱో కూలీలు ఏండ్లపొడవున ఇట్లు రాతిక్రింద పడిరి. అందువలన స్తంభములు విడుచు పద్ధతి మాని, త్రవ్విన ఖాళీలను గ్రానైటు రాతికట్టడముతోను, తరువాత కాంక్రీటుతోను నింపుచు వచ్చిరి. రాతిలోని చప్పుళ్లు వినుటకు యంత్రములు పెట్టిరి. ఏ మూల ముందు త్రవ్వవలెను, ఏ మూల పిమ్మట త్రవ్వవలెనను లెక్క సహితము ముడుతలను భ్రంశములను చూచియే వేసిరి. బంగారము చూపిన పటమే ప్రాణము కాపాడు పటమునైనది.

పదివేల యడుగులకు మించి దిగినపిమ్మట రాయి అఱువది డిగ్రీలకు పైబడిన వేడితో నుండెను. తీసిన టన్ను రాతిలో బంగారము తగ్గెను, తీయు ఖర్చు పెరిగెను. 2001 ఫిబ్రవరి నెలాఖరున కోలారు గనులు మూతపడెను.

నేడు ధాతువు వెదకువారు సన్నని గొట్టపు రంధ్రములు వేసి, రాతిని కడ్డీలుగా పైకి తీసి, పొర ఎటు వాలినది, చార ఎటు పోయినదని కొలుతురు. మీ యూరికి అట్టివారు వచ్చి, ఈ పలుగుగట్టు ఎందాక పోవునని అడిగినచో, మీరు చిన్ననాటినుండి చూచిన వంకర, తెగినతావు, ఆవలి యొడ్డున తేలినతావు, మూసిపోయిన పాతగుంటలు చెప్పుడు. అవి వారికి మిక్కిలి పనికివచ్చును. మీ గట్టులో బంగారమున్నదని చెప్పి ముందు రొక్కమడుగువాడు వచ్చినచో మాత్రము, ఏ రంధ్రమున, ఎంత లోతున, టన్నుకు ఎన్ని గ్రాములు దొరకినదో కాగితముపై చూపుమనుడు. పలుగుగట్లలో నూటికి తొంబదితొమ్మిది వట్టి రాళ్లే.